బీప్ పక్కన బీప్: పార్సిల్‌లో వదులైన 486 కంప్యూటర్‌ను చూపు లేకుండా బిగించిన కేసు

యంత్రం 486డీఎక్స్ ప్రాసెసర్‌ది, 33 మెగాహెర్ట్జ్. పడుకోబెట్టే డెస్క్‌టాప్ క్యాబినెట్, బేబీ ఏటీ మదర్‌బోర్డు, 1 ఎంబీ చొప్పున ఎనిమిది 30 పిన్ సిమ్‌లు (మెమరీ పలకలు). ఐసా స్లాట్లలో (కార్డులు గుచ్చే పొడుగాటి సందుల్లో) తెరకు ఒక వీజీఏ కార్డు, డిస్కులనూ సీరియల్ పోర్టునూ కలిపే మల్టీ ఐఓ కార్డు ఒకటి. ఐడీఈ హార్డ్ డిస్కు, 1.44 ఎంబీ ఫ్లాపీ డ్రైవు. వెనక కామ్1 సీరియల్ పోర్టుకు తగిలించే స్పీచ్ సింథసైజర్ (మాట పలికే) పెట్టె ఒకటి. డాస్ (విండోస్‌కు ముందటి ఆపరేటింగ్ సిస్టమ్) మీద నడిచే స్క్రీన్ రీడర్ లోడ్ కాగానే తెర మీది అక్షరాలను ఈ పెట్టె పలుకుతుంది. టెడ్ హెంటర్ కంపెనీ 1989లో డాస్ కోసం జాస్ అనే స్క్రీన్ రీడర్ తెచ్చిన కాలపు పద్ధతి ఇదే. మాట కంప్యూటర్ లోపల పుట్టదు, సీరియల్ తీగ మీద బయటికి వెళ్లి పెట్టెలో పుడుతుంది. అందుకే ఇలాంటి యంత్రంలో ఒక్క కార్డు వదులైనా మొత్తం మూగబోతుంది.

ఈ యంత్రం విశాఖపట్నం నుంచి హైదరాబాద్‌కు పార్సిల్‌లో వచ్చింది. క్యాబినెట్ కదిపితే లోపల గలగల. వాడే మనిషికీ, బిగించిన చేతులకీ చూపు లేదు. కళ్ల సాయం రెండు చోట్లే తీసుకున్నాం: హార్డ్ డిస్కు లేబుల్ చదవడానికి, బయాస్ (యంత్రం లేవగానే మొదట నడిచే ప్రోగ్రాము) సెటప్ తెరకు. మిగతాదంతా తడిమి, విని చేసిన పని.

రిపేరు పుస్తకాలు చెప్పే గుర్తులన్నీ కంటివి: కేబుల్ అంచున ఎర్ర గీత, నలుపు పక్కన నలుపు, వెలిగిన లైటు. వీటిలో ప్రతిదానికీ వేలికి తగిలే గుర్తో, చెవికి వినపడే గుర్తో ఇంకొకటి ఉంది. ఈ కేసులో పని వరుస అంతా ఆ గుర్తులను బట్టే వేశాం. గుర్తు దొరకని కనెక్టర్‌ను గుచ్చలేదు, అన్ని గుర్తులూ దొరికేదాకా కరెంటు ఇవ్వలేదు.

మూత తీయకముందు

పవర్ కార్డును యంత్రం నుంచి పూర్తిగా ఊడదీసి పక్క గదిలో పెట్టాం. స్విచ్ ఆపితే చాలదు. ఏటీ క్యాబినెట్లలో 230 వోల్టులు ముందు ప్యానెల్ స్విచ్ దాకా వస్తాయి, స్విచ్ ఆపి ఉన్నా రెండు లగ్గుల (తీగ కొసన ఉండే లోహపు తొడుగుల) మీద కరెంటు ఉంటుంది. తడిమే చేతులు మొదట వెళ్లే చోట్లలో అదొకటి. కార్డు తీశాక పావుగంట ఆగాం. ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా) డబ్బా మూత మాత్రం ఏ దశలోనూ విప్పలేదు, ఇలాంటి పనిలో విప్పకూడదు కూడా.

తర్వాత క్యాబినెట్‌ను రెండు చేతులతో ఎత్తి నాలుగు వైపులకూ నెమ్మదిగా వంచి విన్నాం. జరజరా దొర్లే చప్పుడు ఒకటి, టిక్కుమని ఆగిపోయే చప్పుడు ఒకటి. దొర్లేది ఖాళీ స్థలంలో తిరిగే స్క్రూ. టిక్కుమనేది ఇరుకులో చిక్కుకున్నది, చాలాసార్లు మదర్‌బోర్డుకూ కింది రేకుకూ మధ్య. ఈ రెండో చప్పుడు వినపడితే బోర్డు బయటికి తీయక తప్పదని అక్కడే తేలిపోతుంది. కరెంటు ఇస్తే ఆ స్క్రూ బోర్డు అడుగున ఏ రెండు టంకాల మధ్యనైనా పడవచ్చు.

బల్ల మీద ఉంచుకున్నవి

అంచులున్న పెద్ద స్టీలు పళ్లెం, దానిలో మడత పెట్టిన టర్కీ టవలు. జారిన స్క్రూ దొర్లకుండా అక్కడే ఆగుతుంది. స్క్రూలు విడదీయడానికి ఇడ్లీ రేకు: ఏ గుంటలో ఏది అన్నది విప్పేటప్పుడే నిర్ణయించి, ఆ వరుస మార్చకూడదు. 2వ నంబరు స్టార్ స్క్రూడ్రైవర్, ఆరు పలకల తల ఉన్న క్యాబినెట్ స్క్రూలకు పావు అంగుళం నట్ డ్రైవర్, మూడు గోళ్లతో పట్టుకునే పికప్ స్ప్రింగు, రబ్బరు బ్యాండ్లు, పొడి చీపురు పుల్లలు నాలుగైదు. చీపురు పుల్ల ఇక్కడ పొడుగాటి వేలు. వేలు దూరని చోటికి దూరుతుంది, కరెంటును పంపదు, టంకపు మొనల మీద గీరినా ఏమీ కాదు. మణికట్టు పట్టీ తప్పనిసరి. చూపున్నవాళ్లు చిప్పులు తాకకుండా పని చేయగలరు. తడిమి చేసే పనిలో వేళ్లు అన్నిటి మీదా నడుస్తాయి కాబట్టి ఒంటి మీది స్టాటిక్ కరెంటు చిప్పులను చెడగొట్టే ముప్పు ఎక్కువ. పట్టీ క్లిప్పును రంగు వేయని క్యాబినెట్ రేకుకు తగిలించాలి.

మల్టీమీటర్‌లో కావలసింది కంటిన్యుటీ బీప్ (రెండు మొనల మధ్య కరెంటు దారి ఉంటే మోగేది) ఒక్కటే, మాట్లాడే మీటర్ లేకపోయినా పని నడుస్తుంది. కానీ మీ మీటర్ ఎన్ని ఓములకు బీప్ అంటుందో ముందే తెలుసుకోండి. కొన్ని 50 ఓముల దాకా మోగుతాయి. అలాంటి మీటర్ 8 ఓముల స్పీకర్‌నూ షార్టునూ ఒకేలా వినిపిస్తుంది. ఇంకొకటి, కెపాసిటర్ నిండేటప్పుడు మీటర్ క్షణం సేపు కుయ్‌మని ఆగిపోతుంది. అది లెక్కలోకి రాదు. ఆగకుండా మోగేదే బీప్.

స్క్రూల లెక్క, కారణం

మూతకు ఐదు స్క్రూలు, ఐదూ ఉన్నాయి. మూత తీశాక ఏదీ కదపకుండా ఖాళీ స్క్రూ రంధ్రాలు లెక్కించాం. వెనక బ్రాకెట్లు మూడింటిలో రెండు ఖాళీ. హార్డ్ డిస్కుకు నాలుగింటిలో రెండు ఖాళీ, రెండూ ఒకే పక్క. మదర్‌బోర్డు స్క్రూలు రెండూ ఉన్నాయి. అంటే లోపల నాలుగు స్క్రూలు దొరకాలి.

రెండు అడుగున దొర్లుతూ దొరికాయి. మూడోది ఎంత వెతికినా తగల్లేదు. చివరికి స్పీకర్ అయస్కాంతానికి అతుక్కుని ఉంది. స్పీకర్ ప్లాస్టిక్ గోళ్ల నుంచి ఊడి తీగ మీద వేలాడుతోంది. ఇది గుర్తుంచుకోవలసిన చోటు: క్యాబినెట్‌ను వంచినప్పుడు అయస్కాంతం పట్టిన స్క్రూ చప్పుడు చేయదు. గలగల ఆగిపోయిందంటే అన్నీ దొరికాయని అర్థం కాదు, లెక్క కుదిరితేనే అర్థం. నాలుగోది బోర్డు కిందిది.

దొరికిన నాలుగింటి మరలనూ బొటనవేలి గోరుతో గీరి చూశాం. రెండు గరగరమన్నాయి, రెండు నున్నగా జారాయి. గరగరమనేవి 6-32 మర: అంగుళానికి 32 చుట్లు, చుట్టుకూ చుట్టుకూ దాదాపు 0.8 మిల్లీమీటర్లు. నున్నగా ఉన్నవి ఎం3, చుట్ల మధ్య దూరం 0.5 మిల్లీమీటర్లు. క్యాబినెట్‌కూ, కార్డు బ్రాకెట్లకూ, 3.5 అంగుళాల హార్డ్ డిస్కుకూ 6-32 కావాలి. ఫ్లాపీ, సీడీ డ్రైవులకు ఎం3. రెండు ఎం3 స్క్రూలు హార్డ్ డిస్కువే అయి ఉండాలి: ఖాళీగా ఉన్నవి బ్రాకెట్లవీ డిస్కువీ మాత్రమే, ఒకే పక్క రెండూ ఊడినది డిస్కుకే. ఎం3 లావు 3 మిల్లీమీటర్లు, 6-32 లావు 3.5. పెద్ద మర రంధ్రంలో ఎం3 పెడితే కొంచెం పట్టినట్టే ఉంటుంది కానీ మర మరలో కూర్చోదు. ప్రయాణపు అదురుకు ఊడి వస్తుంది.

వదులు మొత్తానికీ మూలం ఇదే. ఒక పక్క పట్టు పోయిన డిస్కు తన బరువుతో ఒరిగింది, ఐడీఈ కేబుల్‌ను లాగింది. కేబుల్ ఐఓ కార్డును లాగింది, కార్డు ముందు కొస స్లాటు నుంచి లేచింది. ఊడిన వాటిని ఉన్నచోట గుచ్చి ఊరుకుంటే తర్వాతి ప్రయాణంలో మళ్లీ ఇదే జరిగేది. డిస్కుకు నాలుగూ 6-32 స్క్రూలే, 6 మిల్లీమీటర్ల పొడవువి వేశాం. పొడుగు స్క్రూ వేస్తే డిస్కు అడుగున ఉన్న సర్క్యూట్ బోర్డుకు తగలవచ్చు. కొత్త స్క్రూ పక్కన తెలిసిన పాత స్క్రూ నిలబెట్టి, వేలి కొసతో రెండు తలల మీదా రాస్తే పొడవు తేడా తెలిసిపోతుంది.

స్క్రూ ఎక్కించేటప్పుడు ముందు ఎడమకు తిప్పాలి. స్క్రూ మర మొదలు రంధ్రం మర మొదలును దాటినప్పుడు చిన్న టక్కు వేలికి తెలుస్తుంది. అక్కడి నుంచి కుడికి తిప్పితే అడ్డమర పడదు.

బోర్డు కింద

బేబీ ఏటీ బోర్డును పట్టి ఉంచేవి ఎక్కువగా తెల్ల నైలాన్ స్పేసర్లు. పైకొస బోర్డు రంధ్రంలో గుచ్చుకుని ఉంటుంది, కింది కొస క్యాబినెట్ రేకులోని తాళపు చెవి ఆకారపు కంతలో జారుతుంది. ఒకటి రెండు చోట్ల మాత్రం ఇత్తడి స్పేసర్, దాని మీద స్క్రూ. ఈ బోర్డుకు నైలాన్‌వి ఐదు, ఇత్తడివి రెండు.

రెండు స్క్రూలు తీసి, కార్డులూ కేబుళ్లూ పీ8, పీ9 పవర్ కనెక్టర్లూ విప్పి, బోర్డును పక్కకు ఒక సెంటీమీటరు జరిపి పైకి ఎత్తాం. అడుగు భాగాన్ని అరచేత్తో పట్టుకోవద్దు, టంకపు మొనలు చర్మం కోస్తాయి. అంచులే పట్టు. నాలుగో స్క్రూ సిమ్‌ల దిగువన, రేకు మీద దొరికింది. ఒక మూల నైలాన్ స్పేసర్ కంత తప్పి రేకు మీద ఊరికే నిలబడి ఉంది.

అలా నిలబడిన స్పేసర్ ఏం చేస్తుందంటే, ఆ మూలను కొన్ని మిల్లీమీటర్లు పైకి లేపుతుంది. బోర్డు వంగుతుంది. వంగిన బోర్డు మీద స్లాటుకూ కార్డుకూ పొత్తు చెడుతుంది. కార్డు కూర్చోలేదనుకుని ఇంకా గట్టిగా నొక్కితే బోర్డు లోపలి గీతలు తెగుతాయి.

తిరిగి పెట్టేటప్పుడు ఐదు కింది కొసలూ కంతల వెడల్పు భాగంలో ఒకేసారి దిగాలి. దిగాయో లేదో మూడు విధాల చూశాం. చీపురు పుల్ల బోర్డు అంచు కింద చుట్టూ నడిపితే సందు అన్ని వైపులా సమానంగా తగలాలి. ఒక్కో మూలను వేలితో మెల్లగా నొక్కితే స్ప్రింగులా దిగకూడదు. పక్కకు జరిపాక ఒక్కో మూలను పైకి లాగితే లేవకూడదు. కంతలో చిక్కిన స్పేసర్ లేవనివ్వదు. మూడో పరీక్ష చేయకపోతే మొదటి రెండూ మోసం చేయగలవు.

ఇత్తడి స్పేసర్ల విషయంలో ఇంకో లెక్క ఉంది. బోర్డు రంధ్రం లేని చోట ఇత్తడి స్పేసర్ మిగిలి ఉంటే అది నేరుగా సర్క్యూట్ గీతకు తగులుతుంది. బోర్డు బయట ఉండగానే క్యాబినెట్ రేకంతా అరచేత్తో తుడిచి ఇత్తడివి రెండే అని చూసుకున్నాం.

పీ8, పీ9

కేసులో అన్నిటికన్నా ప్రమాదకరమైన చోటు ఇది. ఆరేసి తీగల కనెక్టర్లు రెండు, పన్నెండు పిన్నుల వరుస ఒకటి. చూపున్నవాళ్ల నియమం "నలుపు పక్కన నలుపు". తారుమారైతే బోర్డులో గ్రౌండ్ ఉండాల్సిన చోటికి 5 వోల్టులు, 5 వోల్టులు ఉండాల్సిన చోటికి గ్రౌండూ మైనస్ 12 వోల్టులూ చేరతాయి. స్విచ్ వేసిన క్షణంలో బోర్డు పోతుంది. కనెక్టర్లకు తారుమారు కాకుండా చిన్న అడ్డు పలుకులు ఉంటాయి కానీ బిగించేటప్పుడు ఇబ్బందని వాటిని కోసేసినవాళ్లు చాలామంది. వాటిని నమ్మలేం.

నల్ల తీగలంటే గ్రౌండ్ తీగలు. గ్రౌండ్ అంటే ఎస్‌ఎంపీఎస్ డబ్బా రేకే. మీటర్ ఒక మొన డబ్బా మీది స్క్రూకు ఆనించి, రెండో మొనతో కనెక్టర్ ఆరు గుంటల్నీ వరుసగా తాకాలి. ప్రతి కనెక్టర్‌లో ఒక కొసన పక్కపక్క రెండు గుంటలు బీప్ అంటాయి. పీ8లో అవి 5, 6. పీ9లో 1, 2.

ఇప్పుడు రెండు కనెక్టర్ల కొక్కేల వైపును వేలితో వెతికి, రెండూ ఒకే దిక్కుకు తిప్పి పక్కపక్కన పెట్టండి. బీప్ కొసలు రెండూ మధ్యలో కలిసే అమరిక ఒక్కటే ఉంటుంది. కొక్కేలు ఒకే వైపు ఉంచి తారుమారు చేస్తే బీపులు రెండు బయటి కొసలకు పోతాయి. అనుమానం ఉంటే ఇంకో రుజువు: పీ9లో బీప్ లేని కొసన మూడు గుంటలు ఒకదానితో ఒకటి మోగుతాయి, అవి మూడూ 5 వోల్టుల తీగలు. పీ8లో అలా మూడు ఉండవు. తేలగానే పీ8 తీగలకు ఒక రబ్బరు బ్యాండు, పీ9కు రెండు చుట్టాం. అవి ఇకపై అక్కడే ఉంటాయి.

గుచ్చేటప్పుడు నిటారుగా దింపితే కొక్కేలు పట్టవు. కొంచెం వాల్చి, కొక్కేలను వెనక ప్లాస్టిక్ గోడకు తగిలించి, తర్వాత నిలబెట్టి నొక్కాలి. అయ్యాక పన్నెండు పిన్నుల వరుస రెండు కొసలూ చీపురు పుల్లతో తడమాలి. ఒక పిన్ను ఖాళీగా తగిలిందంటే కనెక్టర్ ఒక గడి జరిగింది. రెండు కనెక్టర్ల మధ్య సందు కూడా ఉండకూడదు.

కార్డులు, సిమ్‌లు

కార్డు దించేటప్పుడు బ్రాకెట్ కింది నాలుక రేకు సందులోకి వెళ్లిందో లేదో ఎడమ చేత్తో పట్టి చూస్తూ, కుడి అరచేత్తో కార్డు పై అంచును సమంగా నొక్కాలి. తర్వాత స్లాటు పెదవికీ కార్డుకూ మధ్య గోరు నడపండి. రెండు కొసలా ఒకే లోతు తగలాలి. బ్రాకెట్ స్క్రూ బిగించాక మళ్లీ నడపండి. ఇది చాలామంది చేయరు. బ్రాకెట్ కొంచెం వంకరగా ఉంటే స్క్రూ బిగుస్తున్న కొద్దీ వెనక కొస దిగి ముందు కొస లేస్తుంది. బిగించకముందు సరిగా ఉన్న కార్డు బిగించాక చెడుతుంది. మన ఐఓ కార్డు అలాగే లేచింది. స్క్రూ వదులు చేసి, బ్రాకెట్ పెదవిని వేళ్లతో కొంచెం వంచి, మళ్లీ బిగించాం.

సిమ్‌లకు రెండు కొసల్లో చిన్న రంధ్రాలుంటాయి, సాకెట్ మేకులు వాటిలోంచి బయటికి వస్తాయి. ఎనిమిదింటికీ రెండు వైపులా మేకు మొన వేలికి తగిలింది. ఏదీ కదపలేదు.

కేబుళ్లు: ఎర్ర గీత లేకుండా 1వ పిన్ను

ఫ్లాపీ కేబుల్ ఈ విషయంలో ఉదారమైనది. 34 తీగల్లో 10 నుంచి 16 వరకు ఏడు తీగలు మెలిపెట్టి ఉంటాయి. మెలికకు ఒక పక్క 9 తీగల సన్న పట్టీ, ఇంకో పక్క 18 తీగల వెడల్పు పట్టీ. సన్న పట్టీ వెడల్పు దాదాపు 11 మిల్లీమీటర్లు, రెండోది 23. వేళ్ల మధ్య పెట్టుకోగానే తేడా తెలుస్తుంది. సన్న పట్టీ అంచే 1వ తీగ, ఎర్ర గీత ఉండేది అక్కడే. మెలిక దాటిన కొస 'ఏ' అనే మొదటి ఫ్లాపీ డ్రైవుకు. సన్న అంచు పొడవునా అక్కడక్కడా రబ్బరు బ్యాండు చుట్టుకుంటే ప్రతిసారీ లెక్కించనక్కర్లేదు.

ఐఓ కార్డు మీద 1వ పిన్ను ఎటు? కార్డు చేతిలో ఉండగానే చూడాలి. చిప్పులు లేని వైపు, బ్రాకెట్‌కు అతి దగ్గరి బంగారు పట్టీ గ్రౌండ్. మీటర్ ఒక మొన అక్కడ. ఫ్లాపీ పిన్నుల్లో వరుసంతా బీప్ అనేది బేసి పిన్నుల వరుస. ఒకటి రెండు మోగకపోయినా పర్వాలేదు. నిటారు పిన్నులు పైకి ఉండేలా, బేసి వరుస మీ వైపు ఉండేలా కార్డు తిప్పితే 1వ పిన్ను మీ ఎడమ చేతి కొసన ఉంటుంది.

ఐడీఈకి మెలిక లేదు, గ్రౌండ్ పిన్నులు కూడా కొన్నే: 2, 19, 22, 24, 26, 30, 40. రెండు మూలలూ బీప్ అనే వరుస సరి వరుస. ఆ వరుసలో ఒక మూల నుంచి లెక్కించండి. మూల పిన్ను మోగాక ఆరో పిన్ను మళ్లీ మోగితే మీరున్నది 40 వైపు. పదకొండో పిన్ను దాకా నిశ్శబ్దంగా ఉంటే మీరున్నది 2 వైపు, 1వ పిన్ను దాని పక్కనే. చీపురు పుల్లతో ఒక్కో పిన్ను దాటుకుంటూ, వెనకాలే మీటర్ మొన జరుపుకుంటూ వెళ్తే ఐదు నిమిషాల పని. కేబుల్ అంచుకు గుర్తు కట్టి, డిస్కు వైపు ఆ అంచును పవర్ సాకెట్ వైపుకు పెట్టాం. 3.5 అంగుళాల ఐడీఈ డిస్కుల్లో దాదాపుగా 1వ పిన్ను అటే ఉంటుంది.

ఐడీఈ తిరగబడితే యంత్రం లేవదు, మామూలుగా అంతకు మించిన నష్టం ఉండదు. ఫ్లాపీ తిరగబడితే డ్రైవు మోటారు ఆగకుండా తిరుగుతుంది. చూపున్నవాళ్లు ఆరని లైటు చూస్తారు. డ్రైవు మీద వేలు పెడితే ఆగని అదురు తెలుస్తుంది. అప్పుడు లోపల డిస్కెట్ ఉంటే దాని మీది సమాచారం చెడవచ్చు. మాట్లాడించే బూట్ డిస్కెట్ అసలు ప్రతిని మొదటిసారి ఎప్పుడూ పెట్టకండి.

స్పీకర్

చూపున్న మెకానిక్ స్పీకర్‌ను ఆఖరికి తగిలిస్తాడు, ఒక్కోసారి అసలు తగిలించడు. ఇక్కడ అది మొదటి అవసరం. మెమరీ పోయిందో, డిస్‌ప్లే కార్డు కూర్చోలేదో చెప్పేది ఇదొక్కటే. అమి కంపెనీ బయాస్ అయితే మూడు బీపులు మొదటి 64 కేబీ మెమరీ దోషం, ఎనిమిది బీపులు డిస్‌ప్లే మెమరీ దోషం. అవార్డ్ కంపెనీ బయాస్‌లో ఒక పొడుగు, రెండు పొట్టి బీపులు వీడియో దోషం.

ముందు ప్యానెల్ పిన్నుల గుంపులో స్పీకర్ చోటు కనిపెట్టడానికి: నాలుగు పిన్నుల వరుసలో ఒక కొస పిన్ను 5 వోల్టుల తీగతో మోగాలి, దాని పక్కది గ్రౌండ్‌తో మోగాలి. 5 వోల్టుల తీగ పీ9 నుంచి దొరుకుతుంది. ఈ కొలతకు ముందు 5 వోల్టులకూ గ్రౌండ్‌కూ మధ్య బీప్ రావడం లేదని చూసుకోండి. వస్తే ఎక్కడో షార్టు ఉంది, అది తేలేదాకా ముందుకు పోవద్దు. స్పీకర్‌కు అటూ ఇటూ తేడా లేదు. కానీ పొరపాటున రీసెట్ పిన్నుల మీద పెడితే 8 ఓముల స్పీకర్ రీసెట్ బటన్ నొక్కి పట్టినట్టే పని చేస్తుంది. యంత్రం చచ్చినట్టు పడి ఉంటుంది, ఫ్యాను మాత్రం తిరుగుతుంది. కీలాక్ (కీబోర్డు తాళం) పిన్నుల మీద పెడితే కీబోర్డు పని చేయదు. టర్బో లైటు, పవర్ లైటు తీగలను పక్కకు మడిచి టేపు వేశాం. ఈ యంత్రంలో వాటి అవసరం ఎవరికీ లేదు.

ముందు స్విచ్

స్విచ్ నాలుగు లగ్గుల్లో ఒకటి ఊడి ఉంది. మిగతా మూడూ చోటులో ఉన్నాయి కాబట్టి ఊడినది ఎక్కడిదో తెలుసు. అయినా కొలిచాం. పవర్ కార్డు గుచ్చే సాకెట్ పిన్నుల నుంచి నాలుగు తీగలకూ మీటర్ పెడితే రెండు మోగుతాయి, అవి లోపలికి వచ్చే ఫేజు, న్యూట్రల్. ఆ రెండూ స్విచ్ ఒకే జత మీద పడకూడదు. పడితే స్విచ్ నొక్కగానే ఫేజూ న్యూట్రలూ నేరుగా కలిసి పేలుతుంది. స్విచ్ నొక్కిపెట్టి, తీగలు తీసిన ట్యాబులకు మీటర్ పెడితే ఏ రెండు ట్యాబులు ఒక జతో తెలుస్తుంది. లగ్గును ప్లయరుతో కొంచెం నొక్కి బిగువు చేసి, గట్టిగా ఎక్కించి, లాగి చూసి, నాలుగింటికీ రబ్బరు తొడుగులు పూర్తిగా కప్పాం. చివరగా సాకెట్ మధ్య పిన్ను, అంటే ఎర్త్, క్యాబినెట్ రేకుతో మోగుతోందని చూశాం. ఈ భాగం మీద నమ్మకం కుదరకపోతే ఎలక్ట్రీషియన్‌కు అప్పగించండి.

కరెంటు ఇచ్చాక

ఫ్యాను, డిస్కు వేగం అందుకునే చప్పుడు, ఒక పొట్టి బీప్. ఆ తర్వాత నిశ్శబ్దం. ఇది అనుకున్నదే. బోర్డు మీది 3.6 వోల్టుల నికెల్ కాడ్మియం బ్యాటరీ పాడై, సెట్టింగులు పోయి, ఎఫ్1 నొక్కమని తెర అడుగుతోంది. ఆ దశలో స్క్రీన్ రీడర్ పుట్టి ఉండదు. ఇక్కడ చూపు సాయం తప్ప దారి లేదు: బీ మై ఐస్ లాంటి యాప్‌లో ఎవరితోనైనా తెర చదివించుకోవడం, లేదా పక్కనున్న మనిషి. డిస్కు లేబుల్ మీది సిలిండర్లు, హెడ్లు, సెక్టార్ల సంఖ్యలను టైప్ 47లో (కొలతలు మనమే నింపే డిస్కు రకంలో) నింపాం, ఫ్లాపీని 1.44గా పెట్టాం. బ్యాటరీ చుట్టూ పుల్లతో గీరితే ఉప్పు పొరలా గరుకు తగిలింది. కారింది క్షారం, వట్టి చేత్తో తాకకూడదు. కరెంటు తీసి, గ్లౌజులు వేసుకుని, బ్యాటరీని కత్తిరించి, ఆ చోటును వెనిగర్ ముంచిన దూదితో, తర్వాత ఆల్కహాల్‌తో తుడిచాం. పక్కనున్న నాలుగు పిన్నులకు బయటి బ్యాటరీ పెట్టె తగిలించి, సెట్టింగులు రెండోసారి నింపాం.

ఈసారి డిస్కు గిలకొట్టుకోవడం వినిపించింది, అంటే డాస్ లోడ్ అవుతోంది. సింథసైజర్ మాత్రం పలకలేదు. ఎకో అని టైపు చేసి, స్పేస్ కొట్టి, కంట్రోల్ జీ, ఎంటర్ నొక్కితే కంప్యూటర్ స్పీకర్ బీప్ అంది. ఆ ఒక్క బీప్‌తో కీబోర్డు, డాస్, డిస్కు మూడూ బాగున్నట్టు తేలింది. ఇక దోషం కామ్1 దారిలోనే ఉండాలి. యంత్రం ఆపి, పవర్ కార్డు తీసి, వెనక 9 పిన్నుల సాకెట్‌లో 5వ పిన్నును క్యాబినెట్‌తో కొలిస్తే బీప్ లేదు. అది గ్రౌండ్ కావాలి. ఐఓ కార్డు మీద కామ్1 పది పిన్నుల కనెక్టర్‌కు చుట్టూ గోడ లేదు, ఒక జత పక్కకు జరిగి కూర్చుంది. పుల్లకు ఒక కొసన రెండు పిన్నులు ఖాళీగా తగిలాయి. పవర్ కనెక్టర్లకు చేసిన కొసల పరీక్ష దీనికి చేయకపోవడమే పొరపాటు. సరిచేశాక 5వ పిన్ను మోగింది, తర్వాతి బూట్‌లో పెట్టె పలికింది.

మూత వేసి, పవర్ కార్డు తీసేసి, మళ్లీ నాలుగు వైపులా వంచి విన్నాం. చప్పుడు లేదు. ఇడ్లీ రేకులో మిగిలినవి రెండు ఎం3 స్క్రూలు. వాటిని చిన్న కవరులో వేసి, క్యాబినెట్ బయట అతికించి, మీద బ్రెయిలీలో "హార్డ్ డిస్కుకు వద్దు" అని రాశాం.